మేనత్త

పందెంలో నా పని గెలవడం కాదు,
నీళ్ళు తోడడం.
తొమ్మిదేళ్ళ గుంటడ్ని, బరువుండనని ఎక్కించినారు.
కాళ్ళ సందున కొబ్బరి సిప్ప పెట్టి
"తలెత్తేవంటే సముద్రంలోకి ఇసిరేస్తాను"
అన్నాడు సుక్కాని కాడ్నుంచి గురువులు మావ.
నానెక్కిన నాలుగు పందేలూ గెలిసినాం.
ఒక్కటీ సూడలేదు.
గట్టు మీద జనం కేక మారితే
ఎవుల్నో దాటేసినామని తెలిసేది.

పేరు ఎండమ్మది.
తమ్ముడి పడవకి పలకలు సాలకపోతే
సేతి మురుగులు తీసి
గార షావుకారు ముందు పడేసినాది.
ఆడమనిషిని పడవెక్కనివ్వరు గదా,
పేరునెక్కించినారు.

మొగ కాడ బయల్దేరి
బందరువానిపేట ఎదట మలుపు.
మిగతా పడవలు ఊరు సుట్టొచ్చినట్టు తిరిగీవి.
మేనత్త మాత్రం
తుమ్మసెక్క రంగు సాప ఒక్కపాలి దులిపి
కొంగు బిగించి గుమ్మంలోనే ఎనక్కి తిరిగిన మనిషిలా
ఉన్నసోటే గిర్రుమనీది.

ఓడిపోయి మానలేదది.
ఫైబర్ బోట్లొచ్చినాయి, ఇంజన్లొచ్చినాయి,
పక్కన పరిగెట్టడానికి ఇంకో సాప లేదు.
ఒక్కర్తీ ఎవుల్ని గెలస్తాది?

సానా ఏళ్ళకి కలింగపట్నం పార్కులో
సిమెంటు దిమ్మ కట్టి, నీలం రంగేసి,
ముక్కు రోడ్డుకేసి పెట్టినారు.
ఫోటోకి బాగుంటాదంట.
సముద్రానికి ఈపు పెట్టి ఎప్పుడైనా నిలబడ్డాదా అది?
రెండు నెల్లు ఓర్సుకున్నాం.
అమాస రాత్రి నలభై మందిమి,
కింద దుంగలు దొర్లించి,
ఐలెస్సా అని గొంతు దాకా వచ్చినా మింగీసి,
తిప్పీసినాం.
తెల్లారి ఇంజినీరు, "ఎవరు తిప్పేరిది?"
"గాలి, బాబూ."
ఆయన సముద్రంకేసి సూసినాడు.
గాలనే రాసుకున్నాడు.

మొన్న రేవులో ఒక కుర్రోడు
మోటారు బోటు మీదోడికి అరుస్తన్నాడు,
"మేనత్త మలుపు కొట్రా!"
అది నీళ్ళలో ఉండగా ఆడి అయ్యకే పెళ్ళవలేదు.
మేనత్తంటే ఏట్రా అని అడిగినాను.
"ఏమో తాతా, అలా తిప్పితే అలాగే అంటారు."

వానొస్తే దాని కడుపులో నీళ్ళు నిలస్తాయి.
సిప్పట్టుకుని ఎక్కుతాను.
తోడతాను, అడుగు పలక తేలీదాకా.
తలెత్తొచ్చు ఇప్పుడు.
తిట్టడానికి గురువులు మావ లేడు.
ఎత్తను.
గట్టు మీద కేక మారితే
నాకే తెలుస్తాది.