ఆషాఢంలో జీరంగి

ఆషాఢం. ముహూర్తాలు లేవు.
పొందూరు బస్టాండు వెనక నా స్టూడియోలో
గొడుగులైట్లు రెండూ గోడకేసి తిరిగి నిలబడ్డాయి
అలిగిన తోడిపెళ్లికూతుళ్లలా.
పద్దెనిమిదేళ్లుగా ముక్కుపుడకల మీద
మెరుపు పగలకుండా కాపలా కాసినవాణ్ణి.
ఈ నెల రోజులూ
లావేరు దారిలో, తుమ్మకొమ్మ మీద
జీరంగికి తీస్తాను పెళ్లిఫోటోలు.

మొదటిరోజు ఫ్లాష్ నేరుగా కొట్టాను.
వీపు మీద తెల్లటి చిల్లు.
ఆ పచ్చదనం, పచ్చలో దాగిన రాగిరంగు, ఏవీ లేవు.
సున్నపుబొట్టొకటి, వెనకాల బొగ్గులాంటి నీడ.
బండి హెడ్‌లైటుకి చిక్కిన దొంగలా ఉంది పురుగు.
కాసేపు చూస్తే
దొంగని నేనేమో అనిపించింది.

తర్వాత పాలప్యాకెట్టు కోసి తొడిగాను.
డెయిరీవాడి నీలి అక్షరాలు రెక్కల మీద అచ్చుపడ్డాయి.
థర్మకోల్ పళ్లెం అడ్డుపెట్టాను,
గాలి ఎత్తుకెళ్లి కాలవలో వేసింది.
మిఠాయికొట్టు వెన్నకాగితం కొంత నయం,
మూడో జల్లుకి అదీ ముద్ద.

నరసాయమ్మ రాట్నం ఆపి
కెమెరా తెరలోకి తొంగిచూసింది.
"ఏటి నాయినా, ఇంతలేసి పురుక్కి అంత ఎండేటి?
కళ్లు పోవా దానికి?"
ట్రంకుపెట్టె అడుగునుంచి జానెడు ముక్క తీసింది.
వలుగచేప దవడతో దువ్విన పత్తి,
నూరో నంబరు నూలు, పంచె కొసన మిగిలిన గుడ్డ.
"గాలికి దారుండాల, ఎలుగుకి అడ్డుండాల.
నేతంటే మరింకేటనుకున్నావు?"

పాత గొడుగుకమ్మి వంచి డప్పులా బిగించాను.
ఫ్లాష్‌కి బెత్తెడు ఎడం, పురుగుకి అంతకన్నా దగ్గర.
దగ్గరయ్యేకొద్దీ వెలుతురు మెత్తబడుతుందని
ఎవరో చెబితే పద్దెనిమిదేళ్లు నమ్మాను,
ఈ తుమ్మ కిందే చూశాను.
తప్పిపోయిన పెళ్లి తాలూకు శుభలేఖ ఒకటి
తెల్లవైపు పైకి తిప్పి కింద పరిచాను,
పొట్ట కింది చీకటి కొంచెం లేచి కూర్చుంది.
ఫ్లాష్ బలం ముప్పై రెండో వంతు చాలు.
మీసం ఊగుతూనే ఉంటుంది, బొమ్మలో ఊగదు.
దాన్ని ఆపేది షట్టరు కాదు
ఆ మెరుపు పొట్టి బతుకు.

ఫ్రిజ్‌లో పెట్టి, మొద్దుబారాక తీస్తారట కొందరు.
నేను తీయను.
ఒకసారి తీశాను.
కాళ్లు ముడుచుకుని పడుకున్న ఆ ఫోటోకి
విశాఖలో బహుమతి కూడా వచ్చింది.
స్టూడియోలో ఎక్కడా తగిలించలేదు.

తెల్లారగట్ల వెళ్తే చాలు, మంచే దాన్ని కూర్చోబెడుతుంది.
నాకు మోచేతుల్లో తుమ్మముళ్లు, ఊపిరి బిగబట్టడం,
చీమలు చొక్కాలోకి రావడం.
అది అర అంగుళం జరిగితే
ప్రపంచమంతా మసక.

చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు మేపి
మెడకి దారం కట్టి ఎగరేసేవాళ్లం.
దారం ఎక్కడిదంటే,
ఈ నరసాయమ్మ కండె నుంచి నేనే లాక్కుపోయేవాణ్ణి.
నూరో నంబరు దారం. కంటికానదు, తెగదు.
జీరంగులే తెగేవి,
మెడ దగ్గర.
ఇది ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు.
తెలిసే ఉంటుంది.

నిన్న కుదిరింది బొమ్మ.
తెర మీద పెద్దది చేసి చూపించాను.
వీపు నిండా పాచినీళ్ల పచ్చ,
అంచున రాగి, మెడ మీద సూదిమొన గుంటలు,
ఒక్కో గుంటలో ఒక్కో నీడ.
నడి వీపున, చిల్లు ఉన్న చోట,
ఇప్పుడు ఒక చిన్న తెల్లకిటికీ.
ఇంకా పెద్దది చేస్తే
కిటికీలో పడుగూ పేకా.

ఆవిడ కళ్లజోడు తుడుచుకుని
చాలాసేపు చూసింది.
జీరంగిని కాదు.
"ఇదిగో, ఇక్కడ పోగు జారింది" అంది,
గోటితో తెర మీద తడుతూ.
"నా నూల్ది కాదు ఆ తప్పు.
నేసినోడిది."