బందరు దూలం

వించిపేట కోతమిల్లులో
ఒక్క దూలానికి రెండు రంపాలు పోయాయి.
బందరులో గోదాము పడగొడితే లారీలో వచ్చిన సరుకు.
టేకు కాదు, మద్ది కాదు,
పన్ను దిగితే పులిసిన వాసన.

మస్తానయ్య ఉలితో తవ్వి తీశాడు
జానెడు రాగి మేకు, కిలుం పట్టి పచ్చగా.
పక్కనే చెక్కలోకి దిగిన బాణం గుర్తు.
"ఇంగ్లీషు రాజుగారి సొత్తు," అన్నారు
రిటైరైన లెక్చరరు సింహాద్రిగారు,
టీ గ్లాసు దాని మీదే పెట్టి.
ఓడ పేరు తెలీదుట, బతుకు మాత్రం చెప్పగలరట.

ముప్పై రెండు ఫిరంగులు.
నీళ్ళలోకి దిగిన ఏడే పరాసు జెండాల వెంట పరుగు,
తర్వాత ఏళ్ళ తరబడి బియ్యం పడవలకు కాపలా.
ఒక తుపానులో నడిమి కొయ్య పోయింది,
ఒక జ్వరంలో సగం మంది.
పద్దులో మాత్రం తాళ్ళు, తారు, బిస్కెట్లు.
చివరికి పురుగు తొలిచి, మొగలో కూలబడి
వేలంలో పోయింది,
ఓడగా కాదు, కట్టెగా.

"అంతేనా?" అన్నాడు మస్తానయ్య.
అతను ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు తిరిగినవాడు.
అతని బస్సును ఆటోనగర్‌లో ముక్కలు చేసిన రోజు
హారను ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం ఓనరు ఫోను:
గొల్లపూడిలో ఎవరికో ద్వారబంధం, సాయంత్రానికే.
కొత్త బ్లేడు బిగించాం.
బాణం ఉన్న మూరెడు ముక్క
కొలతలో తరుగు పోయిందని చెప్పాం.

ఇప్పుడది లారీ వెనక చక్రం కింద అడ్డు.
పదహారు టన్నుల్ని
రోజూ ఆపుతోంది, ఏటవాలులో,
కృష్ణలోకి జారిపోకుండా.