గుసగుసల సిగర్డ్

నలభై మూడేళ్లుగా ఆదివారం రాత్రి ఎనిమిదింటికి
స్ట్రామ్‌నెస్‌లో కెటిల్ కూడా ఈల వేయదు.
సిగర్డ్ లీస్క్ టీవీలో ఏ పొద వెనకో బోర్లా పడుకుని
"ఇప్పుడు... మనం... కదలకూడదు" అంటాడు.
మేం కదలం.
బెర్టీ హార్కస్ చేతిలో బిస్కట్
టీలో మునిగి, నాని, తెగి, అడుక్కి పోయినా సరే
బెర్టీ కదలడు.

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్లని చూశాను గానీ
నీటిగుర్రం ఆవలిస్తే పళ్లు లెక్కపెట్టి
పుచ్చిన పన్నుకి సానుభూతి చెప్పినవాణ్ణి
ఈయన్నొక్కణ్ణే చూశాను.

నత్తల పెళ్లికి నలభై నిమిషాలు ఇచ్చాడొకసారి.
మా పెళ్లికి పాదరీగారు ఇచ్చింది పన్నెండు.
ఆ నత్తలు ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉంటాయని
మా ఆయనకి గట్టి నమ్మకం.

దక్షిణ ధ్రువం దగ్గర ఒక పెంగ్విన్
ఆయన టోపీలో వాంతి చేసుకుంది.
"ఇది గౌరవం" అన్నాడు కళ్లు చెమర్చి.
ఆ టోపీ మా లాండ్రీకే వచ్చింది.
మూడు ఉతుకులయ్యాక చెబుతున్నాను,
గౌరవం అంత తేలిగ్గా వదలదు.

ఊళ్లో ఉన్నా అదే గొంతు.
చేపల కొట్లో "రెండు... హాడక్..." అంటాడు,
ఐసు మీదున్నవి బెదిరి లేచిపోతాయన్నట్టు.
థోరా కూడా గుసగుసగానే చిల్లర ఇస్తుంది.
వెనక లైన్లో ఉన్నవాళ్లం కాస్త వంగి నిలబడతాం,
ఎందుకో ఎవరికీ తెలియదు.

పోయిన వేసవిలో రేవు గట్టు మీద
ఆయన నోటిదాకా వచ్చిన బేకన్ రోల్‌ని
ఒక సీగల్ తన్నుకుపోయింది.
ఊరంతా ఊపిరి బిగబట్టింది.
మనిషే కదా, ఇవాళైనా తిడతాడు,
ఆ గొంతు అసలు సైజెంతో తెలుస్తుంది అనుకున్నాం.
ఖాళీ వేళ్లు చూసుకున్నాడు. తల పైకెత్తాడు.
"పోస్టాఫీసు కప్పు మీద... ఆమెకి ముగ్గురు పిల్లలు."
నాలుగో రోజుకల్లా ఊరంతా రొట్టెముక్కలతో అక్కడే.
పోస్ట్‌మాస్టర్ ఇంగా మాత్రం
గొడుగు వేసుకుని తలుపు తీస్తోంది.

మా నాన్న వేటపడవ మనిషి.
అమ్మ పోయిన రోజు కూడా కళ్లు తడపనివాడు.
మంచుపలక మీద ఒక వాల్రస్ పిల్ల తల్లిని వెతుక్కుంటుంటే
సిగర్డ్ పదకొండు క్షణాలు ఏమీ మాట్లాడలేదు.
నాన్న లేచాడు,
పడవ తాడు చూసొస్తానని బయటికి వెళ్లాడు.
ఆ పడవ అమ్మేసి అప్పటికి ఆరేళ్లు.

ఈ జబ్బు మాకూ అంటుకుంది.
అర్ధరాత్రి మా ఆయన ఫ్రిజ్ తెరిస్తే
మంచం మీంచి నేనంటాను:
"ముసలి మగది... ఒంటరిగా... చీజ్‌ని పసిగట్టింది."
ఒక్కోసారి నాకూ ఓ ముక్క తెస్తాడు.
దీన్ని శాస్త్రంలో ఏమంటారో
సిగర్డ్‌ని అడగాలి.

మొన్న సోమవారం ఎదురుగాలిలో
హోటల్ దుప్పట్ల బండి గుట్ట మీదికి తోస్తున్నాను.
వెనకనించి అదే గుసగుస:
"ఎంత చిన్న ప్రాణం... ఎంత మొండి ధైర్యం..."
యాభై ఎనిమిదేళ్లలో నన్నెవరూ అలా అనలేదు.
సిగ్గుతో తిరిగి చూశాను.
రాతిగోడ వెనక బోర్లా సిగర్డ్, చేతిలో బైనాక్యులర్స్:
"కదలకండి... మీ దుప్పట్ల మీద పిట్ట."

బొటనవేలంత పిట్ట.
అరగంట కదల్లేదు నేను.

దుప్పట్లు ఆలస్యమైనందుకు హోటల్లో ఎవరూ ఏమీ అనలేదు.
కారణం వాళ్లకి
గుసగుసగా చెప్పాను.