చెట్లు ఉన్నచో, సంఖ్య

ఫారంలో పద్నాలుగో గడి అది.
'చెట్లు ఉన్నచో, సంఖ్య.'
నారపరెడ్డి మనుషులు సున్నా రాసి పంపినారు.
గుండ్రంగా, నిండుగా ఉంది సున్నా.
ప్లానులో మేం చెట్టును గీసేదీ అట్లే:
ఒక గుండ్రం, మధ్యలో చుక్క.
చుక్క పెట్టడం మరిచిపోయినారేమో అనుకున్నా.

మే నెల. అనంతపురం.
తారు చెప్పులకంటుకునే మిట్టమధ్యాహ్నం
సైటు చూడబోయినా.
బండి యాడ పెట్టాలా అని వెతికే పనే లేకపోయింది.
నారపరెడ్డి తెల్లకారు అప్పటికే ఆ నీడలో ఉంది.
జేసీబీ కూడా ఆ నీడలోనే,
సీట్లో కాళ్లు చాపి డ్రైవరు నిద్ర.
రంపం మిషను తెచ్చిన కుళ్లాయప్ప
సద్ది సంచిని దాని కొమ్మకే తగిలించినాడు.
కొట్టేయను వచ్చినోళ్లమంతా
ఒకరి పక్కన ఒకరు దాని కిందే నిలబడి
అది లేదని మాట్లాడుకుంటున్నాం.

నిద్రగన్నేరు.
ఎవరు నాటినారో ఎవరికీ తెలీదు.
ఇక్కడ చెనిక్కాయల మిల్లు ఉండేదంట.
మిల్లు మూతబడింది, గోడలు పడిపోయినాయి,
ఇది మాత్రం డ్యూటీ దిగలేదు.

నా దగ్గరుండేది మూడు మీటర్ల టేపు.
బోదె చుట్టూ తిప్పితే చాల్లేదు.
ఇస్త్రీ బండి ఓబులమ్మ కాసేపు చూసి
బట్టల మూట తాడు విప్పి ఇచ్చింది.
"కొలువు నాయనా, బాగా కొలువు.
పందొమ్మిదేండ్లుగా నా బొగ్గుల సెగ పైకి పోతాంది,
దాని చల్లదనం కిందికొస్తాంది.
ఒక్కనాడు బాడుగ అడగలా."
టేపుకు ఆమె తాడు కలిపి చూస్తే
మూడు మీటర్ల డెబ్బై.

"సెల్లారుకు దిగే దారి ఇదే కదప్పా" అన్నాడు నారపరెడ్డి.
ఆయన మొహాన చెమట లేదు, అక్కడ నిలబడినందుకు.
"ఒకటి కొడితే పది పెట్టిస్తా. కుండీల్లో. లిఫ్టు పక్కన."
పది కుండీలనూ మనసులో వరసగా పేర్చుకున్నా.
వాటి నీడంతా ఒకచోట పోసినా
ఓబులమ్మ బండి మీద ఒక చొక్కా కాలరు
ఎండలోనే ఉంటాది.

నేనేం ధైర్యస్తుణ్ణి కాదు.
ఇంతకుముందు మూడు సున్నాల కింద
నా సంతకం ఉంది.
అందులో ఒకటి చింతచెట్టు, కాపు మీదుండింది.
ఆ దోవన పోవాల్సొస్తే
ఇప్పటికీ బండి వేగం పెంచుతా.

కుళ్లాయప్ప మిషను తాడు పట్టుకున్నాడు, లాగలేదు.
"ఇప్పుడు కాదు సార్.
దీని నీడన సద్ది తిన్నా. చెయ్యి ఇంకా ఆరలా."
"సాయంత్రం కొట్టు."
"సాయంత్రం ఆకు ముడుచుకుంటాది సార్.
పడుకున్నదాన్ని కొట్టే అలవాటు మా ఇంట్లో లేదు."
"మరెప్పుడు కొడతావురా?"
"అదే నాకూ తెలీడంల్యా."
జేసీబీ డ్రైవరు ఇంకోపక్కకు ఒత్తిగిల్లినాడు.

రాత్రి ఆఫీసులో ఫ్యాను కింద ప్లాను పరిచినా.
మూలలకు నాలుగు స్టాంపు ప్యాడ్లు.
ర్యాంపును పదకొండడుగులు ఉత్తరానికి జరిపితే పడుతుంది.
రెండు కార్ల చోటు పోతుంది, అంతే.
ఆ అంతే కోసమే ఇదంతా.
పెన్సిలు పక్కన పెట్టి
నల్ల ఇంకుతో గుండ్రం గీసినా.
మధ్యలో చుక్క పెట్టినా.
పద్నాలుగో గడిలో సున్నా కొట్టేసి
1 అని రాసినా.
నిటారుగా ఉంది అంకె.
కొట్టడానికి వీలుగా కూడా ఉంది.

ఫైలు పై టేబులుకు పోయి తొమ్మిది రోజులు.

నిన్న తాడు తిరిగిద్దామని పోయినా.
ఓబులమ్మ బండికి పట్ట కప్పి ఇంటికి పోయినట్టుంది.
వెలుతురు తగ్గేకొద్దీ
ఆకులు ఒకదాని మీదికొకటి వాలుతున్నాయి,
తొందరేం లేనట్టు.
కుళ్లాయప్ప సద్ది సంచి
ఆ కొమ్మకు అట్లే వేలాడుతాంది.
మరిచిపోయినాడో,
మళ్లా రావాలని గుర్తుకు పెట్టుకున్నాడో,
తెలీదు.