ఉప్పుమడి

గోజో దీవి ఉత్తరపు ఒడ్డున
సున్నపురాతిలో తొలిచిన ముప్పైరెండు మడులు మావి.
మావి అంటే, పన్నెండు నావి.
తక్కిన ఇరవై, తమ్ముడు సల్వు పోయాక
వాడి భార్య చెన్సా లాక్కున్నవి.
ఆ 'లాక్కున్న' అనే మాట తీసెయ్యమన్నారు
దున్ గ్రెజ్యు స్వామి, పాపసంకీర్తనపు జాలీ వెనకనుంచి.
"నీ పాపాలు నువ్వు చెప్పు జూజా,
ఆవిడవి ఆవిడ చెప్పుకుంటుంది."

భక్తి లేనిదాన్నని నన్నెవరూ అనలేరు.
గుడిగంటకు ముందే లేస్తాను.
మెడలో జపమాల, చేతిలో చీపురు,
మడికొక మంగళవార్త జపం.
పన్నెండు పూర్తయ్యేసరికి గట్టు వస్తుంది,
గట్టుకవతల చెన్సా చీపురు చప్పుడు.
పదమూడో జపం పళ్ల మధ్య ఇసుకలా
కరకరమంటుంది.

పరలోక జపం మరీ కష్టం.
అందులో అప్పు అనే మాట ఉంది.
నా అప్పులు మన్నించమని అడగబోతే
ఇరవై మడుల లెక్క నాలుక చివరికొచ్చి కూర్చుంటుంది.

ప్రాయశ్చిత్తంగా పది జపమాలలు చెప్పినా పోయేది.
"ప్రతి శనివారం ఒక కూజా ఉప్పు
ఆవిడ గడపమీద పెట్టిరా.
ఏమీ మాట్లాడకు.
మంచిదాన్నని కూడా అనుకోకు."
ఉప్పు పండించేదానికి ఉప్పా స్వామీ, అని నవ్వాను.
ఆయన నవ్వలేదు.

మొదటి శనివారం అడుగున గీకిన ఉప్పు పెట్టాను.
రెండో వారమూ అదే, ఈసారి మట్టి కాస్త ఎక్కువే.
మూడో వారం కూజా పెడుతుంటే
లోపల ఎవరో దగ్గారు. నేను పరుగెత్తాను,
దొంగతనానికి వచ్చినదానిలా.

నాలుగో వారం వాన.
ఆగస్టులో ఎవరడిగారు?
నెలనాళ్ల ఎండ గంటలో నీళ్లయిపోయింది.
ఆ రాత్రి మరియమ్మ పటం ముందు మోకాళ్లూని
ఒక్కటే అడిగాను:
ఆవిడవి కూడా కరిగాయి కదా?

అడిగింది నేనే.
అరవై మూడేళ్ల భక్తి, ఇదీ.

తెల్లారి మళ్లీ ఊడ్చాను. ఇంకేం చేస్తాను.
ఉప్పును ఎవరూ చెయ్యరు.
నాచు గీకుతాం, బురద ఎత్తుతాం,
సముద్రాన్ని లోపలికి రానిస్తాం.
తరవాతదంతా ఎండ పని.
ఏదో ఒక మధ్యాహ్నం, మనం అటు తిరిగి ఉన్నప్పుడు,
పాలమీద మీగడలా
నీటిమీద తెల్లటి పొర కడుతుంది.
నాన్న దాన్ని చూస్తే టోపీ తీసేవాడు.
పీఠం దగ్గర స్వామి వరప్రసాదం అన్నప్పుడల్లా
నాకు ఆ టోపీయే గుర్తొస్తుంది,
దాని అంచున చెమట కట్టిన తెల్లటి గీత.

ఐదో శనివారం చెన్సాకి ఆ మీగడే పెట్టాను.
మంచితనం కాదు.
ముతక ఉప్పు మిగల్లేదు, వాన పట్టుకుపోయింది.
మీగడ తప్ప నా దగ్గర ఇంకేం లేదు.

ఎనిమిదో శనివారం
కూజా నా గడపమీద ఉంది, కడిగి.
లోపల కేపర్ మొగ్గలు, నా ఉప్పులోనే ఊరినవి.
ఉప్పు ఎక్కువైంది. సల్వు అలాగే తినేవాడు.
ఉప్పు తిన్నాక విశ్వాసం ఉండాలంటారు.
ఎవరి ఉప్పు ఎవరు తిన్నామో
వేళ్లమీద లెక్కపెట్టబోయి మానేశాను.

మేమింకా మాట్లాడుకోలేదు.
మడులు ఆవిడవే.
మోక్షారోపణ పండుగనాడు
దివ్యసత్ప్రసాదం వరుసలో నా ముందు ఆవిడే.
చెప్పుల్లోంచి కనిపించిన మడమలు చూశాను:
ఉప్పు తిన్న పగుళ్లు,
అచ్చం నావే.

ఈ ఉదయం
పదమూడో జపం గట్టుదగ్గరికి వచ్చి ఆగింది.
అవతల చీపురు కూడా ఆగింది.
కాసేపు సముద్రం ఒక్కటే మాట్లాడింది.
తరవాత
ఎవరిది ముందో తెలీదు,
రెండు చీపుర్లూ కదిలాయి.