కొసరు

అత్తాపూర్ కాడ పిల్లర్ నూట నలభై ఆరు నీడల
మూడు కాళ్ల స్టాండు మీద నా తుపాకి.
గుండ్లు లేని తుపాకి.
నొక్కితే ఒక అంకె పుడతది, దాని ఎన్క ఫొటో పుడతది,
సాయంత్రానికి ఎవరి ఫోన్లనో టింగుమని చలాన్ పుడతది.

బోర్డు మీద యాభై.
ఎర్ర అంచు, గుండ్రంగ, సగం పోస్టర్ల కింద.
మిషన్ల మాత్రం సారు యాభై ఆరు పెట్టిండు.
అప్పటిదాక అది చూడనట్టే ఉంటది.
"ఈ ముచ్చట బయట చెప్పకు యాదగిరీ,
చెప్తే రేపటికి యాభై ఆరే బోర్డు అయితది,
ఎల్లుండి అరవై రెండుకు బతిలాడుతరు" అన్నడు.

చెప్పలే.
ఇంట్ల గూడ చెప్పలే.

యాభై ఎనిమిదికి దొరికిన ఆటో ఖాజాభాయ్
మల్ల ఎన్కకొచ్చి, దిగి, గడ్డం గోక్కుంట
"క్యా సాబ్, ఆఠ్ కే లియే?" అన్నడు.
బిర్యానీ డబ్బాల పోరడు
ఉరుకుడు తనది గాదు, యాప్‌ది అన్నడు.
ఒక లెక్కల మాస్టారు స్కూటర్ ఆపి
మెహిదీపట్నంల ఆగిన ఇరవై నిమిషాలు కలుపుకొని సగటు తియ్యమన్నడు,
తీస్తే పంతొమ్మిదేనంట.
నేను నవ్విన. నవ్వినందుకు ఆయనకింకా కోపమొచ్చింది.
చలాన్ అయితే పోయింది.

మా అవ్వ గుడిమల్కాపూర్ల కూరగాయలమ్మేది.
తరాజు ముల్లు నడిమిట్ల నిలబడ్డంక గూడ
ఎవ్వరూ సంచి ముడెయ్యరు.
"గంతేనా? జర కొసరెయ్యి."
రెండు మిరపకాయలు, గింత కల్యమాకు,
వానకాలమైతే ఉత్త తిట్టు.
కొసరు ఇయ్యని బేరం బేరమే గాదనేది అవ్వ.
గందుకే సారు పెట్టిన ఆ ఆరును
నేను మనసుల కొసరనే పిలుచుకున్న.
ఈ పట్నం మొత్తానికి రోజూ పుక్కట్ల పంచుతున్న,
తీసుకున్నోళ్లకే తెల్వదు,
దొరికినోళ్లు మాత్రం తిడతరు.

మొన్న పొద్దున ఆరు గాలే.
బల్దియా పోశవ్వ డివైడర్ పక్కకు వంగి
చెత్త కుప్ప పోస్తున్నది.
చాయ్ ఇచ్చిన. తాగుకుంట అడిగింది,
"నీ మిషను గప్పుడప్పుడు సప్పుడు చెయ్యదేంది?
బండ్లు మస్తు జోరుగనే పోతున్నయి గద."

ఎందుకో ఆమెకు చెప్పిన. యాభై, యాభై ఆరు,
మిషను తప్పులకు జర, మనిషి తప్పులకు జర,
అవ్వ, తరాజు, కల్యమాకు. అన్నీ.

చాయ్ గ్లాసు అడుగుల పొడి చూసుకుంట చానాసేపు ఉన్నది.
"మీ అవ్వ ఇచ్చింది ఆమె గంపల నుంచి బిడ్డా.
నువ్వు ఎవరి గంపల నుంచి ఇస్తున్నవు?"

గ్లాసు కడిగి ఇచ్చి పోయింది.

కోపంతోని అన్నట్టు లేదు.
ధర అడిగినట్టే అడిగింది.
గా దినం సంది నొక్కిన ప్రతిసారీ, నొక్కని ప్రతిసారీ
ఆ ధర యాదికొస్తది.
యాభై దాటంగనే నొక్కుదునా అంటే
ఖాజాభాయ్ ముగ్గురు పిల్లలు, ఆడు తెల్లారి తిప్పుకున్న డీజిలు.
నొక్కకుందునా అంటే
పసుపు జాకెట్ల ఆ వంగిన ఈపు.
సారును అడుగుదామనుకున్న.
అడిగితే ఆయన ఏం జేస్తడు, పైకి రాస్తడు.

ఇయ్యాల పొద్దున ఒక ట్రాలీ ఆటో,
నిండ కొత్తిమీర, నీళ్లు కారుకుంట,
మార్కెట్ పోయేలోపల ఎండిపోద్దని ఉరుకుతున్నది.
యాభై మూడు.
మిషను సప్పుడు చెయ్యలే. నా వేలు గూడ.

వాసన ఒక్కపారి వచ్చిపోయింది, అవ్వ చీర వాసన.
దాని ఎన్కనే గాలి.
పోశవ్వ గంటసేపు పోసిన కుప్ప
ఆకులు, కవర్లు, ఇసుక, రోడ్డంత పరుచుకున్నది.

ఆమె నా దిక్కు చూడలే.
చీపురు కట్టను అరచేతికేసి రెండుపార్లు కొట్టి
మొదటి నుంచి ఊడ్సుడు వెట్టింది.