నలభై తొమ్మిది

గలీసియాలో మా రేవు వేలం పైకి ఎక్కదు,
కిందికి దిగుతుంది.
డెబ్బై, అరవై తొమ్మిది, అరవై ఎనిమిది అంటూ
మెట్లు దిగినట్టు పాట దిగుతుంటే
ముందు చెయ్యెత్తినవాడిదే పెట్టె.
గుక్క తిప్పుకునే వ్యవధి ఉండదు.
మంచు కరుగుతుంటుంది, లారీ ఇంజను ఆగదు.

అట్లాంటి పనికి దరఖాస్తు పెట్టింది
నా చెల్లెలు ఒబ్దూలియా.
'క'తో మొదలయ్యే ఏ మాటకైనా
గడపలోనే కాలు మడత పడే మనిషి.
మా భాషలో నలభైని కొరెంతా అంటాం.
నలభై తొమ్మిది నుంచి నలభై దాకా
వరసగా పది తాళాలు.

ముందు నా సంగతి చెప్పాలి.
ముప్పై ఏళ్ళు దాని నోరు నేనే.
రొట్టెల కొట్లో, డాక్టరు దగ్గర,
పెళ్ళాడతానని వచ్చిన పడవల మేస్త్రీ దగ్గర కూడా
అది 'క' దగ్గర ఉండగానే
వాక్యం ముగించి ఇచ్చేదాన్ని.
ప్రేమే అనుకున్నాను.
అది అడగబోయింది కోకో,
నేను అడిగింది కాఫీ.
ఎన్నేళ్ళు తాగిందో, మారుమాట్లాడకుండా.

దరఖాస్తు చూసి నవ్వాను.
అది నవ్వలేదు.
చలికాలమంతా, సముద్రం తీసిన వేళ,
బండల్లో ఆల్చిప్పలు ఏరుతూ అంకెలు దించేది.
గోడ చాటు నుంచి విన్నాను:
యాభై ఒకటి, యాభై,
గాలి.
చాలాసేపు గాలి.
మళ్ళీ డెబ్బై.
నోట్లో గులకరాళ్ళు పెట్టుకోమన్నాడు చర్చి ఫాదరు.
మర్యాదకి పెట్టుకుంది, మలుపు తిరిగాక ఉమ్మేసింది.
ఒకరోజు బండని తన్ని
బొటనవేలి గోరు ఊడగొట్టుకొచ్చింది.
మర్నాడు ఒంటి చెప్పుతో వెళ్ళింది.

మార్చిలో మొదటి వేలం. వాన.
రమీరో పడవలోంచి దిగిన ఆక్టోపస్‌ల పెట్టె.
యాభై ఒకటి. యాభై.
దవడ బిగుసుకుంది,
మెడలో నరం లంగరు తాడులా లేచింది.
ముప్పై మంది కొనేవాళ్ళు, బూట్ల నిండా నీళ్ళు.
అంకె నా నాలుక చివరికి వచ్చేసింది.
అది నావైపు చూసింది. అంతే.
నాలుక కరుచుకున్నాను.
మాటవరసకి కాదు, ఉప్పగా తగిలింది.

ధర యాభై మీద ఒంటికాలితో నిలబడింది.
ఐదు క్షణాలు. ఎనిమిది.
డబ్బాల ఫ్యాక్టరీ ఫర్రూకో ఉండబట్టలేక చెయ్యెత్తాడు.
ఆ నెలంతా అదే వరస.
యాభై దగ్గర ఎవరో ఒకరికి గుండె జారేది.
"నీ నత్తి మా పాలిట లక్ష్మి" అన్నంత సంబరంగా
జాలర్లు వైన్ సీసాలు పంపారు.
అది మూత తియ్యలేదు.
"నేను ఆగడానికి రాలేదు, దిగడానికి వచ్చాను" అంది,
మళ్ళీ బండల దారి పట్టింది.

ఏప్రిల్ ఆఖర్లో ఫర్రూకో అరిచాడు:
"నాటకం! ధర నిలబెట్టడానికి కావాలనే ఆపుతోంది!"
నేను లేచాను.
మళ్ళీ పెట్టె మీద కూర్చున్నాను.
జవాబు అదే చెప్పింది, చిన్న వాక్యం:
"కావాలని ఆపేదాన్నయితే, ఎప్పుడో మానేసేదాన్ని కదా."
రెండు నిమిషాలు పట్టింది.
మంచు కరిగి కాళ్ళ కిందికి వచ్చింది.
ఎవరూ పూర్తి చెయ్యలేదు.

తర్వాత టేకు చేపల పెట్టె.
యాభై ఒకటి, యాభై,
కొ,
కొ,
కొరెంతా ఎ నొవే.
తలుపు తెరుచుకోలేదు.
సందులోంచి భుజం గీరుకుంటూ దూరి వెళ్ళింది.
నలభై ఎనిమిదికీ అంతే. నలభై ఏడుకీ అంతే.
నలభై మూడుకి ఫర్రూకో కొన్నాడు.
ఏడు యూరోలు కలిసొచ్చినవాడు
టోపీ తీసి చేత్తో పట్టుకుని
అట్లా ఎందుకు నిలబడ్డాడో.

ఇంటికి వస్తూ రొట్టెల కొట్టు దగ్గర ఆగాం.
అలవాటుగా కొట్టు పిల్ల నావైపు చూసింది.
నేను గొడుగు దులుపుతూ ఉండిపోయాను,
ఎప్పుడో ఆరిపోయిన గొడుగు.
మా వెనక లైను పెరుగుతోంది.

ఒబ్దూలియా కోకో అడిగింది.